తెల్ల ఎలుకల గూటికి ఏ పొట్టు వేయవలెను?

ఈ శీర్షిక చూచి మీలో కొందరు నవ్వుకొందురని నాకు తెలియును. గట్టున ఎలుక బొరియ కనుపించినచో ఎర పెట్టుడని చెప్పెడి పత్రికలో, ఎలుక క్రింద మెత్తగా ఏమి పరువవలెనని వ్రాయుట ఏమని అడుగుదురు. మా అక్క కొడుకు ఎమ్మిగనూరులో తెల్ల ఎలుకలను పెంచ మొదలుపెట్టిన దినములలో ప్రక్క ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుండి ఇదే మాట అడిగినాడు: "ఏమప్పా, చేన్లో ఎలుకకు మందు పెడితివి, ఇంట్లో ఎలుకకు పరుపు వేస్తివి. నీ లెక్క నాకు తెలీలేదప్పా."

ఆ లెక్క ఇట్టిది. మన చేలలో పంట కొరికెడి ఎలుకలు వేరు జాతులవి. తెల్ల ఎలుక తరతరములుగా మనిషి చేతిలో పెరిగి సాధువైన జంతువు. పట్టణములలో పిల్లలు ముచ్చటపడి దీనిని కొనుచున్నారు. జంతు ప్రదర్శనశాలలలో పాములకు, గ్రద్దలకు, గుడ్లగూబలకు ఇది ఆహారము. ముచ్చటకు పెంచినను, మేతకు పెంచినను, గూటిలో పెట్టిన జంతువు మనము వేసినదాని మీదనే పండుకొనవలెను, మనము ఉంచిన గాలినే పీల్చవలెను. చేని ఎలుకకు ఒక బొరియ తడిసినచో మరియొకటి త్రవ్వుకొను స్వేచ్ఛ గలదు. దీనికి లేదు.

ఈ పని తలపెట్టిన యువకులకు ముందుగా ఒక హెచ్చరిక. కళాశాలలు, మందుల కంపెనీలు మీ ఎలుకలను కొనునని ఎవరైన ఆశ చూపినచో నమ్మవలదు. 1998 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము ప్రయోగములకు జంతువులను పెంచి ఇచ్చువారు ముందుగా నమోదు కావలెను. మన దేశపు పాములను ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము గనుక, అట్టివారికి మేత అమ్ముట కూడ చిక్కులకు దారి తీయును. ఇది చిన్న వ్యాపారము, చిన్నగానే ఉండును. అందులో నష్టము వచ్చు మొదటి చోటు మేత తొట్టి కాదు, గూటి అడుగు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములో పొట్టుకు కరవు లేదు. ఆదోని మార్కెట్టు యార్డుకు ప్రత్తి, వేరుశనగ బండ్లు బండ్లుగా వచ్చును. జిన్నింగు మిల్లుల వెనుక దూది వ్యర్థము, నూనె మిల్లుల వెనుక బుడ్డల పొట్టు గుట్టలుగా పడియుండును. తుంగభద్ర దిగువ కాలువ క్రింద వరి పండును గనుక ఊక దొరకును. వడ్రంగి దుకాణములో రంపపు పొట్టు ఉండనే ఉన్నది. ఎవరిని అడిగినను "తీసుకొని పో అప్పా" అందురు. ఉచితముగా వచ్చినదానిని మంచిదా కాదా అని ఎవరును ప్రశ్నింపరు. నా అభిప్రాయము దాచక చెప్పుచున్నాను. మన ప్రాంతములో అన్నింటికంటె సులువుగా దొరకు రెండు వస్తువులు, అనగా జిన్నింగు మిల్లు వ్యర్థము, వేరుశనగ పొట్టు, ఇవే అన్నింటికంటె ఎక్కువగా అనుమానింపదగినవి.

మా మేనల్లుడు మొదట తెచ్చినది దూది వ్యర్థమే. ఒక మిల్లు వారు గోతమునిండ ఉచితముగా ఇచ్చిరి. దూది మెత్తన, పుట్టబోవు పిల్లలకు వెచ్చన అనుకొన్నాడు. ఎలుక చూలు ఇరువది యొకటి మొదలు ఇరువది మూడు దినములు. పిల్లలు వెంట్రుకలు లేక, కన్నులు మూసుకొని పుట్టును. రెండు వారములకు గాని కన్నులు తెరువవు. తల్లి ఆ దూదిని పండ్లతో పీకి చక్కని గుండ్రని గూడు కట్టినది. చూచుటకు ఎంతో ముచ్చటగా ఉండెను. పదునొకండవ దినమున ఒక పిల్ల వెనుక కాలు నల్లబడి కనుపించినది. వెంట్రుక వంటి ప్రత్తి పోగు మడమ పైన చుట్టుకొని, పిల్ల పెరిగిన కొలది బిగిసినది. ఆ పాదము ఊడిపోయినది. అదే ఈతలో మరియొక పిల్లకు పోగు మెడకు పడినది. దానిని నేను చూడలేదు, ఉదయము తీసివేసితినని మాత్రము వాడు చెప్పినాడు.

ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఊరు. అక్కడ నూలు ముక్కలు ప్రతి వీధిలోను దొరకును. వాటిని గూటిలో వేయుటకు కూడ నేను ఒప్పుకొనను. దూది పోగుతో వచ్చు ప్రమాదమే నూలు పోగుతోను వచ్చును. పైగా పడుగుకు పెట్టిన గంజి తేమ తగిలినచో బూజు పట్టును.

దూది వ్యర్థములో పోగు ఒక్కటే ఉండదు. ఆకు ముక్కలు, కాయ డొప్పలు, పగిలిన గింజలు ఉండును. ఆ ఆకు మీద ఏ మందు ఎన్ని పర్యాయములు కొట్టినామో కొట్టిన మనకే తెలియును. 2002లో బి.టి. ప్రత్తి వచ్చిన పిదప కాయతొలుచు పురుగు మందులు కొంత తగ్గినను, రసము పీల్చు పురుగులకు కొట్టుట మానలేదు. గులాబిరంగు పురుగు మరల వచ్చి మందు డబ్బాను మరల చేతికి ఇచ్చినది. ఇక ప్రత్తి గింజలో గాసిపాల్ అను విషపదార్థము గలదు. నెమరువేయు పశువు పొట్ట దానిని కొంతవరకు తాళుకొనును. ఎలుకకు ఆ పొట్ట లేదు.

ఇచ్చట రైతులు బాగుగా ఎరిగియుండవలసిన సంగతి ఒకటి చెప్పెదను. ఎలుక వాంతి చేసికొనలేదు. దాని శరీర నిర్మాణమే అట్టిది. చేనిలో మీరు పెట్టు జింకు ఫాస్ఫైడు పనిచేయుటకు ఇదియు ఒక కారణము. కడుపులోని ఆమ్లము తగిలి విషవాయువు పుట్టును, తిన్నదానిని ఎలుక వెలికి క్రక్కలేదు. గూటిలోని ఎలుకకును అదే బలహీనత గలదు. అది తన పరుపును కొరుకును, నములును, కొంత మ్రింగును. మందు అంటిన ఆకు ముక్క ఒకసారి లోపలికి పోయినచో తిరిగి రాదు. కాబట్టి పరుపును కూడ మేతలో భాగముగానే లెక్కింపవలెను.

దూది తీసివేసి వాడు తరువాత బుడ్డల పొట్టు తెచ్చినాడు. కాయ వలిచిన వెంటనే తెచ్చి ఎండబెట్టిన పొట్టు చెడ్డదని నేను అనను. తేమను బాగుగా పీల్చును, తేలికగా ఉండును, కోళ్ళ షెడ్లలో వాడుకలో ఉన్నది. చిక్కు అంతయు వానతో వచ్చును. మిల్లు వెనుక ఆరుబయట పడియున్న గుట్ట పైన పొడిగానే కనుపించును. చేయి మోచేతి వరకు దూర్చి చూడుడు, లోపల వెచ్చగా తగులును. ఆ వేడి బూజు పెరుగుచున్నదనుటకు గుర్తు. వేరుశనగను ఆశించు బూజులలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చ బూజు ముఖ్యమైనది. అది పుట్టించు విషము పేరు అఫ్లటాక్సిన్.

ఈ విషము లోకమునకు తెలిసినదే వేరుశనగ వలన. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోడి పిల్లలు కొలది నెలలలో చనిపోయినవి. ఏ తెగులో తెలియక దానికి "టర్కీ ఎక్స్" అని పేరు పెట్టిరి. కడపటికి కారణము బ్రెజిల్ దేశము నుండి వచ్చిన వేరుశనగ పిండి అని తేలినది. ఆ పిండినే ఎలుకలకు పెట్టి చూడగా కాలేయములో కంతులు పుట్టినవి. ఆ విషయము 1961లో ప్రకటింపబడినది. పొట్టులో గింజయంత విషము ఎల్లప్పుడు ఉండునని నేను చెప్పుట లేదు. కాని యంత్రము వలిచిన పొట్టులో విరిగిన పప్పు, ముడుచుకొన్న పప్పు తప్పక మిగులును. బూజు మొదట పట్టునది దానికే, ఎలుక మొదట ఏరుకొని తినునదియు దానినే. ఎండబెట్టినచో బూజు పెరుగుట ఆగునే గాని పుట్టిన విషము పోదు. ఈ మాట చాలమందికి తెలియదు. బూజు వాసన వచ్చిన పొట్టును ఆరబెట్టి వాడుకొందమను ఆలోచన వదలుకొనవలెను. అట్టి పొట్టును పశువుల గాటిపాటిలో కూడ వేయరాదు.

మేనల్లుని పొట్టు కార్తె వానకు తడిసినదే. పది దినములలో ఎలుకలు తుమ్ముట మొదలైనది. ముక్కు చుట్టు, కన్నుల చుట్టు ఎర్రని మరక కనుపించి వాడు రక్తమని భయపడి నాకు ఫోను చేసినాడు. అది రక్తము కాదు. ఎలుక కంటి వెనుక గ్రంథి నుండి ఎర్రని రంగు గల స్రావము వచ్చును. ఆరోగ్యముగా ఉన్న ఎలుక దానిని ఎప్పటికప్పుడు తుడుచుకొనును. జబ్బుతోనో, బాధతోనో ఉన్నప్పుడు అది మరకగా నిలిచిపోవును. మరక చూచినప్పుడు ముక్కును చూడుడు, ఊపిరి వినుడు, ఆ తరువాత గూటి అడుగున చేయి పెట్టుడు.

ఎలుకకు ఊపిరితిత్తులే మెత్తని చోటు. మైకోప్లాస్మా అను సూక్ష్మజీవి చాల ఎలుకలలో బయటపడక దాగియుండును. మూత్రము నానిన పొట్టులో బాక్టీరియాలు పనిచేసి అమోనియా వాయువును పుట్టించును. ఆ వాయువు సోకినచో దాగియున్న జబ్బు పైకి లేచును. 1976లో అమెరికాలో బ్రోడర్సన్, లిండ్సే, క్రాఫర్డ్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూపిరి. గాలిలో పది లక్షల పాళ్ళకు ఇరువదియైదు పాళ్ళ అమోనియా ఉన్నను జబ్బు ముదిరినది. మనము నిలుచుండి వాసన చూచి "ఏమియు లేదే" అందుము. ఎలుక ముక్కు పొట్టుకు అంగుళము ఎత్తున ఉండును. మోకాళ్ళ మీద కూర్చుండి, మన ముక్కును గూటి అడుగు దగ్గర పెట్టి చూడవలెను. కన్ను మండినచో ఆ పొట్టు మార్చవలసిన దినము దాటిపోయినదన్న మాట. చేపల అద్దపు తొట్టెలో ఎలుకలను ఉంచువారికి ఈ మాట మరింత అవసరము. ఆ తొట్టెలో గాలి ప్రక్కలకు పోదు, అమోనియా అడుగుననే నిలుచును.

రంపపు పొట్టును గూర్చి ఎక్కువ చెప్పను. ఏ చెక్కదో తెలిసినచో ఆలోచింపవచ్చును, తెలియనిచో వలదు. దుకాణములో టేకు, వేప, ప్లైవుడ్డు, ప్యాకింగు పెట్టెల చెక్క అన్నియు ఒకే కుప్పలో కలియును. ప్లైవుడ్డులో జిగురు, పాత చెక్కలో చెదమందు ఉండవచ్చును. దేవదారు, పైన్ జాతి చెక్కల సువాసన మనకు ఇంపుగా ఉండును. అట్టి మెత్తని చెక్కల పొట్టుపై ఉంచినంత మాత్రముననే ఎలుకల, చిట్టెలుకల కాలేయము పనితీరు మారినదని వెసెల్ అను శాస్త్రజ్ఞుడు 1967లో ప్రకటించినాడు. మందులను పరీక్షించు ప్రయోగశాలలు అప్పటి నుండి పరుపును కూడ లెక్కలోనికి తెచ్చుకొనినవి. ఎలుక మీద చేసిన పని మన కంచము దాక వచ్చునని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పూర్వము కూనూరులో ఉండెను, 1958లో ఇచ్చటికి వచ్చినది. కూనూరులో మెక్కారిసన్ దొర మన దేశములోని వేరు వేరు ప్రాంతముల భోజనమును ఎలుకలకు పెట్టి, గోధుమ రొట్టె, పాలు, కూరలు తిన్నవి బలముగా పెరుగుటను, మర పట్టిన బియ్యము మీద బ్రతికినవి వెనుకబడుటను చూపినాడు.

ఇక నేను ఏది వేయుమందును? వరి ఊక. మన దేశపు ప్రయోగశాలలలో అది చిరకాలముగా వాడుకలో ఉన్నది. ఊకలో తినదగినది ఏమియు లేదు, సువాసన లేదు, పోగు లేదు. లోపములు రెండు గలవు. ఒకటి దుమ్ము. రెండవది, ఊక పైన మైనము వంటి నిగనిగ ఉండుటచే తేమను అంతగా పీల్చదు, మూత్రము జారి అడుగునకు చేరును. మొదటిదానికి జల్లెడ మందు. తవుడు, నూక, ధూళి పోవువరకు గాలివాటమున నిలిచి జల్లించవలెను. రెండవదానికి కాగితము మందు. అడుగున రెండు మూడు పొరలు కాగితము పరచి, దానిపై రెండంగుళముల ఊక పోయవలెను. కాగితము తేమను పట్టుకొనును, ఊక ఎలుక కాళ్ళను పొడిగా ఉంచును.

ఊకను మిల్లు నుండి తెచ్చి నేరుగా గూటిలో పోయవలదు. మిల్లు గుట్టల మీద అడవి ఎలుకలు రాత్రంతయు తిరుగును. వాటి మూత్రములో ఎలుక జ్వరము కలిగించు లెప్టోస్పైరా క్రిములు ఉండవచ్చును. అవి మన ఎలుకలకును, గూడు శుభ్రము చేయు పిల్లవాని చేతి పుండునకును చేరగలవు. ఆ క్రిములు తడిలో బ్రతుకును, బాగుగా ఎండినచో నిలువలేవు. ఆదోని ఎండకు మనము పెట్టు నిందలన్నింటికి ఇది ఒక్కటి బదులు. మిద్దె మీద నల్ల పట్టపై పలుచగా పరచి, మధ్య మధ్య కలియబెట్టుచు రెండు మూడు దినములు ఎండబెట్టుడు. ఆపై మూతగల రేకు డబ్బాలో నిలువ చేయుడు. గోనెసంచిలో ఉంచినచో అడవి ఎలుక మరల చేరును, పడిన శ్రమ వ్యర్థము.

పిల్లలు పెట్టబోవు తల్లికి కాగితపు పీలికలు మేలు. ఏప్రిల్‌లో బడులు ముగియగానే ప్రతి ఇంట వ్రాసి ముగించిన నోటు పుస్తకములు మిగులును. పిన్నులు తీసివేసి, వ్రేలి వెడల్పున చింపి ఇచ్చినచో తల్లి వాటిని మరింత చించుకొని గూడు కట్టుకొనును. కాగితపు పీలిక కాలికి చుట్టుకొన్నను ఇట్టే తెగిపోవును. నిగనిగలాడు రంగుల కాగితము వలదు. కోడిగ్రుడ్ల కాగితపు అట్టలు తేమను బాగుగా పీల్చును గాని, గ్రుడ్లు పెట్టి తీసినవి వాడరాదు, రెట్టలోని క్రిములు వాటికి అంటియుండును. కొర్ర గడ్డి మెత్తనిది, చిన్న ముక్కలుగా కోసి గూటికి వేయవచ్చును. జొన్న చొప్ప కొనలు గ్రుచ్చుకొనును. పరుపే లేకుండ తీగ జల్లెడ అడుగుతో గూడు కట్టినచో శుభ్రము చేయుట సులువే, కాని వెనుక పాదములు పుండ్లు పడును.

ఎలుక సాధారణముగా ఒక మూలనే మూత్రము పోయును. ఆ మూల పొట్టును ప్రతిదినము తీసి, వారమునకు రెండు పర్యాయములు మొత్తము మార్చుడు. మార్చునప్పుడు పాత పొడి పరుపు పిడికెడు క్రొత్తదానిలో కలుపుడు. వాసన పూర్తిగా మారినచో ఎలుకలు బెదరును. ఈనిన తల్లి గూటిని మాత్రము మొదటి వారము కదల్పరాదు, కలవరపడిన తల్లి పిల్లలను తినివేయుట గలదు. నలుబది డిగ్రీలు దాటు మన వేసవిలో పరుపు ఒక అంగుళమునకు తగ్గించి, గూటిని నీడన, గాలి ఆడుచోట ఉంచవలెను. ఎలుకకు మనవలె చెమట పట్టదు, తోక ద్వారా కొంత వేడి పోగొట్టుకొనును. ఎండకాలములో లోతైన పొట్టులో అది ఉడికిపోవును.

పురుగులు, పేలు పట్టకుండ గూటిలో కలరా ఉండలు వేయువారిని చూచితిని. అది విషపు ఆవిరి, మూసిన గూటిలో వేయనే రాదు. ఒకప్పుడు కోళ్ళ గూళ్ళలో బి.హెచ్.సి. పొడి చల్లుట వాడుక. ఆ మందు 1997లో మన దేశమున నిషేధింపబడినది. పాత డబ్బా ఇంటిలో ఎక్కడనైన మిగిలియున్నచో దానిని తెరువక గ్రామ వ్యవసాయ సహాయకునికి చెప్పుడు.

ఎలుకలు పెంచని వారికి ఇందులో ఏమున్నదని అడుగవచ్చును. కోడిపిల్లలను, కుందేళ్ళను పెంచువారు మన గ్రామములలో ఎందరో గలరు. బూజు పట్టిన పొట్టు మీద పెంచిన కోడిపిల్లలకు బ్రూడర్ న్యుమోనియా వచ్చును, నోరు తెరచి రొప్పుచు చనిపోవును. చాలమంది దానిని మేత దోషమనియో, చలి దోషమనియో అనుకొని మందుల దుకాణమునకు పరుగెత్తుదురు. పిడికెడు పొట్టు తీసి గట్టిగా పిసికి వదలుడు. ముద్దగా నిలిచినచో అది తడిసినది. విడిపోయినచో ముక్కు దగ్గర పెట్టుడు. ఆపై ఎండకు అడ్డముగా ఎగురవేసి ధూళి ఎంత లేచునో చూడుడు. గ్రామ వ్యవసాయ సహాయకులును, పశుసంవర్ధక సహాయకులును పిల్లలను పంపిణీ చేయు దినముననే ఈ పరీక్షను రైతుల చేత చేయించినచో బాగుండునని నా కోరిక.

మా మేనల్లుడు రెండేండ్లుగా ఊక, కాగితము తప్ప మరియొకటి వాడలేదు. తీసిన పరుపును పేడతో కలిపి గోతిలో వేయుచున్నాడు. ఊక చివుకుటకు ఆలస్యమగును గనుక, పెంటను రెండు పర్యాయములు తిరుగబోసి తడి ఆరకుండ చూచుకొనవలెను. బాగుగా మాగని పరుపును ఆకుకూరల మడిలో మాత్రము వేయవలదు.